బండి హనుమకొండలో, ఓనరు దోహాలో

2024 మార్చిలో ఒక శుక్రవారం పొద్దున దోహాలోని మా రూములో కూర్చుని వీడియో కాల్ చేస్తే, హనుమకొండలో మా బాపు బీరువా తెరిచి బండి కాగితాల కవరు తీశాడు. అలాంటి కవరు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. షోరూమ్‌వాళ్లు ఇచ్చిన రెగ్జిన్ కవరు, అందులో ఆర్సీ కార్డు, మడతలు చిరుగుతున్న పాలసీ కాగితం, ఎప్పటిదో పొల్యూషన్ సర్టిఫికెట్. దసరా పూజ రోజు అంటిన కుంకుమ మరక కూడా అలాగే ఉంది. బాపు ఒక్కో కాగితాన్నీ కెమెరాకు ఆనించి పెడుతున్నాడు. "జర దూరం పెట్టు బాపూ" అంటే కాగితం స్క్రీన్‌లోంచే మాయం. చివరికి ఒక స్క్రీన్‌షాట్ కొట్టి, పెద్దది చేసి చూస్తే తేదీ కనబడింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల వేరేవాళ్లకు జరిగే నష్టానికి ఉండే బీమా, అయిపోయి మూడు వారాలు. ఆ మూడు వారాలూ మా అక్క కొడుకు ఆ బండి మీదే కాలేజీకి పోయి వస్తున్నాడు.

"మరి రోడ్ ట్యాక్స్ సంగతేంది?" అన్నాడు బాపు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రూములో ఉన్న మిగతా నలుగురినీ అడిగాను. జగిత్యాలాయన ఒకటి, కామారెడ్డాయన ఒకటి, సిరిసిల్లాయన ఇంకొకటి చెప్పారు. నలుగురివీ ఇంటి దగ్గర బండ్లున్నాయి, నలుగురూ టెన్షన్‌లో పడ్డారు. అప్పటి నుంచి తెలుసుకున్నదంతా ఒకచోట పెడుతున్నాను.

ట్యాక్స్ ఎప్పుడో కట్టేశారు

ముందు రోడ్ ట్యాక్స్ సంగతి, ఎందుకంటే అది తొందరగా తేలిపోతుంది. తెలంగాణలో రిజిస్టరైన సొంత బైకుకు ఏటేటా కట్టే రోడ్ ట్యాక్స్ లేదు. కొన్న రోజే బండి ధర మీద ఇంత శాతమని లైఫ్ ట్యాక్స్ కట్టించుకున్నారు. ఆన్ రోడ్ ధర అని మీరు లెక్కపెట్టి ఇచ్చిన మొత్తంలో అది కలిసే ఉంది. పేరులోనే లైఫ్ ఉంది కాబట్టి రెన్యూవల్ చేయడానికి ఏమీ మిగల్లేదు.

మరి అనుమానం ఎందుకు వస్తుందంటే, మనం బతికే చోటు అలాంటిది. ఖతర్‌లో ఇస్తిమారా, దుబాయ్‌లో ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ లేనిదే అవి కావు. పదేళ్లు అది చూసిన కళ్లకు మన దగ్గర కూడా ట్యాక్స్, ఇన్సూరెన్స్ రెండూ జంటగానే నడుస్తాయనిపిస్తుంది. పైగా ఊళ్లో లారీ ఓనర్లు మూడు నెలలకోసారి ట్యాక్స్ అంటూ తిరగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఆ లెక్క వేరు, అవి కిరాయికి తిరిగే బండ్లు.

మా జగిత్యాలాయన దగ్గర ఊళ్లో ఒక ఏజెంటు "ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి" మూడున్నర వేలు తీసుకున్నాడు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ తెరిచి చూస్తే 843 రూపాయల థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంది. ట్యాక్స్ రసీదు ఏదని అడిగితే ఫోనెత్తలేదు.

బైకుకు ట్యాక్స్ మాట మళ్లీ వచ్చే సందర్భాలు రెండే. బండికి 15 ఏళ్లు దాటితే గ్రీన్ ట్యాక్స్, అంటే పాత బండ్ల మీద కాలుష్యం పేరున వేసే పన్ను, వస్తుంది, దాని సంగతి ఆర్సీ దగ్గర చెప్తాను. రెండోది, తమ్ముడు ఉద్యోగానికని మీ బండిని బెంగళూరుకో పుణెకో తీసుకుపోతే వస్తుంది. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్పించి, అక్కడి ట్యాక్స్ కట్టాలి. హైదరాబాద్‌కు తీసుకుపోతే ఈ గొడవ లేదు.

ఒకే కాగితం మీద రెండు తేదీలు

అసలు చిక్కు ఇన్సూరెన్స్‌లో ఉంది. నేను బండి కొన్నది 2019 ఫిబ్రవరిలో. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ వచ్చేసింది, ఇక చూసుకోనక్కర్లేదు" అని షోరూమ్‌లో చెప్పారు. సగం నిజం. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైకు ఏది కొన్నా ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవాలి. సుప్రీంకోర్టు చెప్తే బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ అమల్లో పెట్టింది. ఆ ఐదేళ్లు థర్డ్ పార్టీకి మాత్రమే. మన బండికి జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కు, చాలామందికి ఒక్క ఏడాదే ఉంటుంది. రెండు తేదీలూ ఒకే కాగితం మీద ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఉన్న ఐదేళ్లు చూసి కవర్లో పెట్టేస్తాం, దాని కింది గీత చదవం.

మా కాక కొడుకు 2020లో కొన్న బండి మూడో ఏట బస్టాండ్ దగ్గర పోయింది. పోలీసు కంప్లయింట్ ఇచ్చి, పాలసీ పట్టుకుని పోతే తెలిసింది: థర్డ్ పార్టీ 2025 దాకా ఉంది, ఓన్ డ్యామేజ్ 2021లోనే పోయింది. దొంగతనానికి పైసలిచ్చేది ఆ పోయిన భాగమే. కాబట్టి ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాలసీ ఫొటో తెప్పించుకుని రెండు తేదీలూ విడివిడిగా చూడండి.

థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండికి ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 లోపు 1,366, ఆ పైన 2,804. దీనికి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. మామూలు 125 సీసీ బండికి దాదాపు 843 రూపాయలు. ఇన్సూరెన్స్‌లో చట్టం తప్పనిసరి చేసింది ఇదొక్కటే. లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్షకూ చట్టంలో చోటుంది. జరిమానా చిన్న విషయం. ఇన్సూరెన్స్ లేని బండి మనిషిని గుద్దితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం మొత్తం ఓనరు మీద పడుతుంది. ఓనరంటే ఆర్సీలో పేరున్న మనిషి. ఆ రోజు ఆయన దోహాలో సైట్ మీద ఉన్నాడా, హనుమకొండలో ఉన్నాడా అని ఎవరూ అడగరు.

తేదీ దాటాక ఇన్ని రోజులు కవరేజీ ఉంటుందనే వెసులుబాటు ఇన్సూరెన్స్‌లో లేదు. అర్ధరాత్రి పాలసీ అయిపోతే తెల్లారి పాలబూత్‌కు పోయే బండికి ఇన్సూరెన్స్ లేనట్టే. కొంతమంది 90 రోజుల గడువుందంటారు. అది నో క్లెయిమ్ బోనస్‌కు సంబంధించింది. క్లెయిమ్ చేయకుండా గడిపిన ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. 90 రోజుల్లోపు రెన్యూవల్ చేస్తే ఆ తగ్గింపు నిలుస్తుంది, దాటితే మళ్లీ సున్నా నుంచే. తెగిపోయిన పాలసీని ఆన్‌లైన్‌లో కట్టాక కొత్త కాగితంలో ఏ రోజు, ఏ గంట నుంచి అమలు అని రాసి ఉందో చూడండి. అప్పటిదాకా తాళంచెవి ఇంట్లో ఒక పెద్దమనిషి జేబులో ఉండాలి.

ఇంకో చిన్న మాట. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే ఇన్సూరెన్స్ ఇవ్వరని ఇప్పటికీ అంటుంటారు. 2017లో సుప్రీంకోర్టు అలా ముడిపెట్టింది, 2024 జూలైలో తనే ఆ షరతు తీసేసింది. అలాగని పొల్యూషన్ అక్కర్లేదని కాదు, రోడ్డు మీద అడుగుతారు.

ఊరికే నిలబడ్డ బండికి ఎందుకు?

"బండి తీసేవాళ్లే లేరు, టార్పాలిన్ కప్పి పెట్టాం, దానికి కూడా కట్టాలా?" మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెప్పేది పబ్లిక్ ప్లేస్‌లో బండి వాడటం గురించి. గేటు లోపల, ప్రహరీ వెనక, తాళం వేసి ఉన్న బండికి ఆ నేరం అంటదు. అయితే మన ఇళ్లలో ఎన్నింటికి అలాంటి చోటుంది? వరంగల్ కొత్తవాడ సందుల్లో చూడండి, సగం బండ్లు వాకిట్లో, అంటే బజార్లోనే నిలబడతాయి. నిలబడ్డ బండి కూడా వాడకంలో ఉన్నట్టే లెక్కకు రావచ్చని సుప్రీంకోర్టు 1991లో ఒక పెట్రోల్ ట్యాంకర్ కేసులో చెప్పింది. ఆ ట్యాంకర్ బోల్తాపడి కదలకుండా ఉన్న కొన్ని గంటలకు పేలింది.

ఓన్ డ్యామేజ్ సంగతికొస్తే నా లెక్క చాలామంది లెక్కకు తిరగేసి ఉంటుంది. తిరగని బండికి ఎందుకంటారు వాళ్లు. తిరిగే బండినైనా వరదొస్తే మిట్టకు తోలుకుపోతారు, నిలబడ్డ బండి మునుగుతుంది అంటాను నేను. 2023 జూలై చివర్లో వరంగల్, హనుమకొండ మునిగినప్పుడు నయీంనగర్ నాలా పక్క వీధుల్లో సీట్లు కూడా కనబడకుండా బండ్లు నీళ్లలో నిలిచాయి. వరద, అగ్ని, దొంగతనం ఓన్ డ్యామేజ్‌లోనే వస్తాయి. నీళ్లు తగ్గాక ఎవరో ఉత్సాహం కొద్దీ కిక్కు కొట్టి ఇంజన్ పాడుచేస్తే మాత్రం ఆ ఖర్చు ఇవ్వం అంటారు. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా అలాగే ఇంకో బండి మీద వేసి మెకానిక్ దగ్గరికి చేర్చమని ఇంట్లో చెప్పి పెట్టండి. బండి పాతబడ్డాక ఈ లెక్క మారుతుంది. ఐదేళ్ల బండి విలువను కొత్తదాని ధరలో సగానికి కడతారు, పదేళ్లదాని మీద ఓన్ డ్యామేజ్ కట్టడం నా మటుకు దండగ.

తోలే మనిషికి ఏమొస్తుంది

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించింది ఇది. ఏజెంట్లు ఎవరూ చెప్పరు. మీ బండిని మీ తమ్ముడు తోలుతూ ఎవరినైనా గుద్దితే, దెబ్బ తగిలినవాళ్లు థర్డ్ పార్టీ, వాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. తమ్ముడే జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే? అతను థర్డ్ పార్టీ కాడు. ఓనరు దగ్గర బండి అడిగి తీసుకున్నవాడు ఓనరు జాగాలో ఉన్నట్టేనని కోర్టులు చెప్పాయి. వెనక కూర్చున్న మరదలికి కూడా ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో ఏమీ రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే ఆమెకు వర్తిస్తుంది.

మరి పాలసీలో 15 లక్షల ప్రమాద బీమా అని ఉంటుంది కదా అంటారు. దాని పూర్తి పేరు ఓనర్-డ్రైవర్ కవర్. ఓనరు తోలుతున్నప్పుడు ప్రమాదం జరిగితేనే, ఓనరుకే. మీరు దోహాలో ఉండి హనుమకొండ బండి మీద ఆ కవర్‌కు ఏటా కడుతున్నారంటే, బండి ఎక్కని మనిషికి కడుతున్నారు. మీకు విడిగా 15 లక్షల ప్రమాద బీమా ఉంటే ఆ మాట చెప్పి దీన్ని వద్దనవచ్చు. బండి తోలే తమ్ముడి పేరు మీద వేరే ప్రమాద బీమా తీసుకోవడం మేలు. ఏమీ కుదరకపోతే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఫారం నింపమనండి. ఏడాదికి 20 రూపాయలు, 2 లక్షల కవర్, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వాళ్లకు.

లైసెన్స్ లేనివాడు తోలి గుద్దితే కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2004లో సుప్రీంకోర్టు ఈ దారి ఖాయం చేసింది. అంటే ఇన్సూరెన్స్ కట్టి కూడా మునిగే అవకాశం ఉంది.

ఓటీపీ ఎక్కడికొస్తుంది

కట్టడం ఐదు నిమిషాల పని, ఫోన్ నంబరు సహకరిస్తే. మన ఇండియా సిమ్ 90 రోజులు వాడకుండా ఉంటే ఆపేయొచ్చని ఫోన్ కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ నిబంధన. బ్యాలెన్స్ 20 రూపాయలైనా ఉంటే అందులోంచి కోసుకుంటూ ఇంకో 30 రోజులు నడుపుతారు. బ్యాంకు ఓటీపీ, ఇన్సూరెన్స్ ఓటీపీ, ఆర్టీఏ మెసేజ్ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఆ సిమ్ చచ్చిపోతే 843 రూపాయలు కట్టడానికి పెద్ద తతంగమే అవుతుంది. మా కామారెడ్డాయన తన సిమ్‌ను ఇంట్లో పాత బటన్ ఫోన్‌లో వేసి పెట్టాడు. ఓటీపీ వస్తే వాళ్లమ్మ ఒక్కో అంకె చదివి చెప్తుంది. ఆమె చదివేలోపు టైం అయిపోవడం, మళ్లీ పంపడం, అదొక రోజంతా నడిచే కథ.

విదేశీ కార్డును కొన్ని సైట్లు తీసుకోవు. యూపీఐకి ఇప్పుడు కొంత దారి ఉంది. విదేశాల్లో ఉండేవాళ్లకు బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా ఉంటే విదేశీ నంబరుతోనే యూపీఐ పెట్టుకోవచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతి ఇచ్చింది. గల్ఫ్‌లో ఖతర్, ఒమన్, సౌదీ, యూఏఈ ఆ పదిలో ఉన్నాయి, కువైట్, బహ్రెయిన్ లేవు. ఇంటి దగ్గర ఎవరైనా మీ పేరు మీద కట్టినా చెల్లుతుంది. మెయిల్‌కు వచ్చిన పీడీఎఫ్ చాలు, ప్రింట్ కోసం తిరగక్కర్లేదు. ఆర్సీ కూడా రవాణా శాఖ 2016లో తెచ్చిన ఎం-వాలెట్ యాప్‌లో పెట్టుకుంటే తోలేవాళ్లు ఫోన్‌లో చూపించవచ్చు. ఏజెంటు పంపిన పాలసీ అయితే దాని మీది నంబరును కంపెనీ సైట్లో ఒకసారి కొట్టి చూడండి.

ఆర్సీకి మాత్రం బండే పోవాలి

మీ బండి నంబరు తెలంగాణ రాకముందు నాటిదై, ఏపీ 36తోనో (వరంగల్) ఏపీ 15తోనో (కరీంనగర్) మొదలైతే ఇది మీ కోసం. ఆర్సీ 15 ఏళ్లకు అయిపోతుంది. 2010 నాటి బండ్లకు 2025లో అయిపోయింది. దీన్ని ఫోన్‌లో కూర్చుని చేయలేరు. బండి ఆర్టీఏ ఆఫీసుకు పోవాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, అప్పుడు ఇంకో ఐదేళ్లకు ఇస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. సెలవు ఆ రెండు నెలల్లో పడేలా చూసుకోగలిగితే అదృష్టం.

ఆలస్యమైతే కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి పెట్టిన లెక్క ప్రకారం బైకుకు నెలకు 300 రూపాయలు అదనం. రెండేళ్లు వదిలేస్తే 7,200. ఆ వయసు బండికి అమ్మితే అంత వస్తుందో లేదో. పనికిరాని బండిని గుర్తింపు ఉన్న స్క్రాప్ సెంటర్‌కు ఇచ్చి, కాగితం తీసుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవడం మేలు. ఇనుప సామాను కొనేవాడికి తూకానికి వేస్తే బండి పోతుంది కానీ ఆర్సీలో పేరు పోదు.

పేరు ఎవరిదో వాళ్లదే బాధ్యత

ఇన్సూరెన్స్ కట్టేసి నిమ్మళంగా ఉన్న రెండు నెలలకు నా ఫోన్‌కు ఈ-చలాన్ వచ్చింది. లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంది. చౌరస్తా దగ్గర నా బండి, మీద ముగ్గురు, తోలేది మా మేనల్లుడు, నెత్తి మీద హెల్మెట్ లేదు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత లెక్కేసుకుంటే వాడికి అప్పటికి 17 ఏళ్లు. ఇంటర్ రెండో ఏడు, లైసెన్స్ లేదు. వాడు కాలేజీకి పోతుంటే ఇంట్లో అందరం మురిసిపోయాం కానీ వయసు ఎవరికీ గుర్తు రాలేదు.

చట్టంలో 199ఏ అని ఒక సెక్షన్ 2019లో చేరింది. మైనరు బండి తోలి నేరం చేస్తే గార్డియన్‌కు లేదా ఓనరుకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. తనకు తెలియకుండా జరిగిందని ఓనరే నిరూపించుకోవాలి. ఫోన్‌లో చలాన్ ఫొటో పెట్టుకుని నాకు తెలియదని చెప్పడం కష్టం. ఆ పూటే అక్కకు ఫోన్ చేశాను. తాళంచెవి బాపు జేబులోకి పోయింది, మేనల్లుడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

బండి అమ్మేసినా, ఇచ్చేసినా ఇదే చిక్కు. పైసలు తీసుకుని, ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తే అయిపోయిందనుకుంటాం. ఆర్సీలో పేరు మారనంత వరకు ఓనరు పాతవాడేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ కేసులో బండి చేతులు మారి మారి వేరే మనిషి దగ్గరికి చేరింది, పరిహారం బాధ్యత మాత్రం ఆర్సీలో ఉన్న మొదటి మనిషి మీదే పడింది. దూరం నుంచి పేరు మార్పించాలంటే ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఒక బైకు కోసం ఇంత తతంగం ఎందుకని నేను సెలవు దాకా ఆగాను. లోన్ ఎప్పుడో తీరినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. ముందు వాళ్ల దగ్గర అభ్యంతరం లేదనే కాగితం, ఎన్ఓసీ, తెచ్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత తమ్ముడూ నేనూ కలిసి ఆర్టీఏకు పోయి, 29, 30 నంబరు ఫారాలు ఇచ్చి, బండి వాడి పేరు మీదికి మార్చాం. ఇన్సూరెన్స్ కూడా వాడి పేరుకు మార్పించాం. నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు పోదట, మనిషితోనే ఉంటుందట. నేను రేపు తిరిగొచ్చి కొత్త బండి కొంటే వాడుకోవడానికి మూడేళ్ల గడువుతో ఒక లెటర్ ఇచ్చారు.

మేనల్లుడికి 18 నిండాయి, లైసెన్స్ వచ్చింది, మళ్లీ మాట్లాడుతున్నాడు. చలాన్లు ఇప్పుడు తమ్ముడి ఫోన్‌కు వస్తున్నాయి.